మీ సూపర్‌వైజర్ని పిలవండి

మా మామయ్య కంప్యూటరు కొనేముందు కంప్యూటరు వంక చూడడు. దాన్ని తయారుచేసిన కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తాడు. అవతల ఫోన్ ఎత్తిన మనిషి నచ్చితే కంప్యూటరు నచ్చినట్టే. నచ్చకపోతే, సగం ధరకి ఇస్తామన్నా సరే, మామయ్య దృష్టిలో అది రేకు డబ్బా. మౌసు మొదలుకుని ప్రింటరు దాకా మా కుటుంబంలో ఏ వస్తువూ ఈ పరీక్ష నెగ్గకుండా గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఇందులో ఒక చిన్న చిక్కు ఉంది. కస్టమర్ కేర్ అనేది వస్తువు కొన్నవాళ్ళ కోసం పెట్టింది. మామయ్య ఇంకా కొని ఉండడు.

"చెప్పండి సార్, మీ సమస్య ఏమిటి?"

"ప్రింటరులో కాగితం ఇరుక్కుపోయిందమ్మా."

"ప్రింటరు వెనకాల సీరియల్ నంబరు ఉంటుంది సార్. కాస్త చదువుతారా?"

"ఎలా చదవను? ప్రింటరు ఇంకా షాపులోనే ఉంది."

"మరి కాగితం ఎక్కడ ఇరుక్కుంది సార్?"

"ఇంకా ఇరుక్కోలేదు. రేపు నేను కొన్నాక ఇరుక్కుంటుంది కదా. అప్పుడు మీరేం చేస్తారో ఇవాళే చెప్పేస్తే, కొనాలో వద్దో తేల్చుకుంటాను."

ఈ మాట దగ్గర నూటికి తొంభై మంది ఫోన్ పెట్టేస్తారు. పెట్టెయ్యని ఆ పదిమంది పనిచేసే కంపెనీల సరుకే మా ఇళ్ళలో ఉంటుంది.

మామయ్యకి కంపెనీల అసలు పేర్లు నోరు తిరగవు. తిరగవనడం కంటే, తిప్పడు అనడం న్యాయం. ఫోన్ చేసినప్పుడు ఏం జరిగిందో దాన్నిబట్టి తనే పేర్లు పెట్టాడు. ఫోన్ చెయ్యగానే గంటసేపు సంగీతం వినిపించేది పాటల కంపెనీ. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మళ్ళీ ఒకటి నొక్కండి అని గుండ్రంగా తిప్పి మొదటికి తెచ్చేది నొక్కుడు కంపెనీ. ప్రతి వాక్యానికీ ముందొకసారి, వెనకొకసారి క్షమాపణ చెప్పి, పని మాత్రం చెయ్యనిది క్షమించండి కంపెనీ. వీధి చివర కంప్యూటర్ల షాపాయన ఈ భాష మొత్తం నేర్చుకున్నాడు. "ఆ కీబోర్డు ఎవరిదయ్యా?" అంటే, "నొక్కుడు వాళ్ళది సార్, మీకు పడదు" అని తనే వెనక్కి పెట్టేస్తాడు.

పాటల కంపెనీ సంగీతం మామయ్యకి కంఠతా వచ్చు. గడ్డం గీసుకుంటూ ఆ రాగమే తీస్తుంటాడు. మా పాపకి ఎనిమిది నెలలు. నేను పాడే జోలపాటలకి దిగ్గున లేచి కూర్చునే పిల్ల, మామయ్య ఆ రాగం అందుకుంటే రెండు నిమిషాల్లో నిద్రపోతుంది. బహుశా ఆ రాగాన్ని తయారుచేసింది కూడా అందుకేనేమో.

మామయ్య అంటే మా అమ్మకి స్వయానా తమ్ముడు. అమ్మా, ఆయనా మాతోనే ఉంటారు. ముప్పయ్యేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. ఇప్పుడు అదే గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులూ అద్దె ఒప్పందాలూ టైపు చేసి పెడుతుంటాడు. ఆయన సిద్ధాంతం ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే పుట్టింది. అప్పట్లో రెండు కంపెనీల టైపు మిషన్లుండేవట. ఒకటి చూడచక్కనిది. చెడిపోతే కంపెనీ నుంచి 'మీ ఫిర్యాదు అందినది' అని జవాబు వచ్చేది. ఆ జవాబు మాత్రం చాలా అందంగా టైపు చేసి ఉండేదట. రెండోది మోటు మిషను. దానికి మెకానిక్కు ఒకాయన ఉండేవాడు. జోరున వాన కురుస్తున్నా, పనిముట్లు గోనెగుడ్డలో చుట్టుకుని సైకిలు మీద వచ్చేవాడు. తల తుడుచుకోకుండా ముందు మిషను తుడిచేవాడు.

ఇంకేం, మామయ్య చక్కనివన్నీ అమ్మేసి గది నిండా మోటు మిషన్లు కొన్నాడు. వాటిలో ఒక అక్షరం ఎప్పుడూ వరసలోంచి ఎగిరి కొంచెం పైన పడేది. ఒక తరం నిరుద్యోగుల దరఖాస్తులన్నీ అలా ఎగిరిపడుతూనే వెళ్ళాయి. "అక్షరం వంకరగా పడితే మనిషి సర్దుకుంటాడే. మనిషి వంకరగా మాట్లాడితే అక్షరం సర్దుకుంటుందా?" అనేవాడు.

ఇన్‌స్టిట్యూట్ ఆయనకి ఇచ్చిన రెండో ఆస్తి గొంతు. ఇరవై మిషన్లు ఒకేసారి టకటకలాడుతుంటే ఆఖరి బల్ల దాకా వినిపించేలా పాఠం చెప్పీ చెప్పీ, మెల్లగా మాట్లాడటం అనే విద్య పూర్తిగా పోయింది. ఆయన "బాగున్నారా" అంటే వెనక ఇంటివాళ్ళు "బాగున్నాం" అంటారు. ఇక ఫోన్‌లో అయితే చెప్పక్కర్లేదు. ముద్దు చేసినా కొట్లాటలాగే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మామయ్య చేసే చాలా ఫోన్ కాల్స్ ఒకే మాటతో ముగింపు దశకి వచ్చేవి.

"మీ సూపర్‌వైజర్ని పిలవండి."

ఈ మాట వినపడగానే మా ఇల్లు ఖాళీ అయ్యేది. అమ్మ వంటింట్లోకి వెళ్ళి, కడగాల్సినవేమీ లేకపోయినా కుళాయి తిప్పేది. మా ఆయన చెత్త సంచి పట్టుకుని కిందికి దిగేవాడు. సంచిలో చెత్త లేకపోతే సంచినే పారేసి వచ్చేవాడు. నేను పాపని ఎత్తుకుని బాల్కనీలోకి పోయి తలుపు వేసుకునేదాన్ని. పాప వింటుందని కాదు, నేను వినలేక. ఎవరో జీతం రాళ్ళ కోసం తలకి ఆ వైర్లు తగిలించుకుని కూర్చున్న పిల్లని, పైఅధికారిని పిలిపించి మరీ కడిగేస్తుంటే ఎవరు మాత్రం వినగలరు? తలుపు సందులోంచి "తెలుసా మీకు", "రాసిపెట్టండి", "ఊరుకోను" లాంటి ముక్కలు మాత్రం వినపడేవి. చుట్టాలందరిలో ఆయనకి 'కంప్లైంటు మామయ్య' అని పేరు స్థిరపడింది.

"వీడి నోట్లో పడి ఎంతమంది ఉద్యోగాలు పోయాయో" అని అమ్మ నిట్టూర్చేది. "మా నాన్న వీణ్ణి పోలీసుల్లో చేర్చాల్సింది. కనీసం జీతం వచ్చేది."

ఇలా ఉండగా నాకు ల్యాప్‌టాప్ అవసరం పడింది. పాప పుట్టాక, ఇంటి నుంచే పని చేసుకోనిమ్మని మా ఆఫీసువాళ్ళని ఒప్పించుకున్నాను. నాది ఒక పరిశోధనశాలలో ఫలితాలు సరిచూసే ఉద్యోగం. చదివింది రసాయనశాస్త్రం కాబట్టి నేను కొలిచినదాన్నే నమ్ముతాను. పాప స్నానం నీళ్ళలో థర్మామీటరు పెడతాను. అమ్మ నా కళ్ళ ముందే మోచెయ్యి ముంచి చూసి, నా థర్మామీటరు ఎంత చూపిస్తుందో ముందే చెప్పేసి వెళ్ళిపోతుంది. పాప తుమ్మితే గదిలో తేమ ఎంతుందో చూస్తాను. నిద్రపోయిన వేళలన్నీ గ్రాఫు గీశాను. ఆ గ్రాఫు చూసి పిల్లల డాక్టరుగారు, "మీరు ఎప్పుడు నిద్రపోతున్నారు?" అని అడిగారు.

అలాంటిదాన్ని ల్యాప్‌టాప్ ఊరికే కొంటానా? పదకొండు కంపెనీల వివరాలతో పెద్ద పట్టిక వేశాను. వేగం, బ్యాటరీ, బరువు, వేడి, అన్నిటికీ మార్కులు. మామయ్య దాన్ని ఆసాంతం చదివాడు.

"భేషుగ్గా ఉందే అమ్మడూ. ఫోన్ ఎత్తేవాళ్ళ సంగతి రాయలేదేం?"

"మామయ్యా, నేను కొనేది కంప్యూటరు."

"కాదు. నువ్వు కొనేది, అది పాడైన రోజున నీతో మాట్లాడే మనిషిని. మధ్యలో కంప్యూటరు ఉచితంగా ఇస్తారు."

ఫోన్ స్పీకరులో పెట్టి వరసగా మొదలెట్టాడు. నా పట్టికలో మొదటి స్థానం వచ్చిన కంపెనీ పాడుతూనే ఉంది. రెండోది నొక్కించింది. మూడోది క్షమాపణలు చెప్పింది. ఆఖరి వరసలో, అన్నిట్లోనూ అరకొర మార్కులు వచ్చిన ఒక చిన్న కంపెనీ ఉంది. రెండోసారి మోగేలోపు ఎవరో అమ్మాయి ఎత్తింది.

"నమస్తే సార్, చెప్పండి."

"ల్యాప్‌టాప్ మీద పాలు ఒలికాయమ్మా. ఏం చెయ్యాలి?"

"అయ్యో. ఎప్పుడు సార్?"

"ఇంకా ఒలకలేదు. కొన్నాక ఒలుకుతాయి. ఇంట్లో పసిపిల్ల ఉంది."

ఇక ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"నీళ్ళయితే ఏం చెయ్యాలో నాకు చెప్పారు సార్. పాలంటే తెలియదు. కనుక్కుని సాయంత్రంలోగా ఫోన్ చేస్తాను. ఏమనుకోకండి, నేను కొత్త. ట్రైనింగులో ఉన్నాను. ఈ మూడు నెలలూ చూసి ఉంచుకుంటారో పంపించేస్తారో చెప్తారు."

మామయ్య ఫోన్ పెట్టేసి, కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. "విన్నావా? తెలియదంది."

"తెలియకపోవడం కూడా గొప్పేనా మామయ్యా?"

"పిచ్చిదానా, తెలియదన్నవాళ్ళే కనుక్కుంటారు. అంతా తెలిసినవాళ్ళు ఆఫ్ చేసి ఆన్ చెయ్యమంటారు."

సాయంత్రం నిజంగానే ఫోన్ వచ్చింది. పాలయితే ఆరబెడుతూ కూర్చోకూడదట, కీల కింద బంకలా పట్టేస్తాయట, వెంటనే ఆపేసి బోర్లించి తమ దగ్గరికి పంపించాలట. "ఇంకోటి సార్, మా టెక్నీషియన్ గారు అడగమన్నారు. తల్లిపాలా, పొడి పాలా? పొడి పాలల్లో పంచదార ఉంటుంది కదా, ఇంకాస్త బంకట."

మామయ్య ఫోన్ చేతిలో పట్టుకుని ఇల్లంతా కలియతిరిగాడు. ఆ కంపెనీకి అక్కడికక్కడే నామకరణం జరిగింది. కనుక్కుంటా కంపెనీ. నా పట్టిక చెత్త సంచిలోకి వెళ్ళింది. ఆ పూట మా ఆయన తీసుకెళ్ళడానికి నిజంగానే చెత్త దొరికింది.

ల్యాప్‌టాప్ వచ్చింది. కాస్త బరువు, కాస్త వేడి, అయినా చెప్పిన పని చేసేది. బాధ దాంతో కాదు, మామయ్యతో. దాని వంకన ఆ ట్రైనింగు అమ్మాయికి మాటిమాటికీ ఫోన్లు. ఎండలో పెట్టవచ్చా? మూత ఏ చేత్తో తెరవాలి? పాప ఛార్జరు వైరు నోట్లో పెట్టుకుంటే ఎవరికి ముందు ప్రమాదం, పాపకా, వైరుకా? ఆ అమ్మాయి ప్రతిసారీ ఓపిగ్గా జవాబిచ్చేది. తెలియకపోతే కనుక్కునేది. చివర్లో మామయ్య మటుకు వదలకుండా గర్జించేవాడు.

"సరేనమ్మా. మీ సూపర్‌వైజర్ని పిలువు."

కుళాయి. చెత్త సంచి. బాల్కనీ తలుపు.

ఒకరోజు మా ఆయన ఉండబట్టలేకపోయాడు. "మామయ్యగారూ, పాపం ట్రైనింగులో ఉన్న పిల్లండీ. ఉంచుకుంటారో లేదో తెలియదని తనే చెప్పింది కదా."

"అందుకే కదయ్యా చేసేది" అన్నాడు మామయ్య, మళ్ళీ నంబరు నొక్కుతూ.

మా ఆయన మొహం పాలిపోయింది. "ఇంత కఠినాత్ములా మీ మామయ్య?" అని ఆ తర్వాత నన్ను అడిగాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి ఉద్యోగం మా ఇంటి హాల్లోంచి ఊడిపోతోందనే దిగులు మా ముగ్గురికీ పట్టుకుంది. అమ్మయితే ఆ పిల్ల పెళ్ళికెదిగిన చెల్లెళ్ళని కూడా ఊహించేసుకుంది.

ఒక మధ్యాహ్నం నేను మర్నాటి సమావేశం కోసం నివేదిక సరిచూసుకుంటున్నాను. నా రెండు నెలల పని అందులో ఉంది. ఒళ్ళో పాప. నేను నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాచిన ఆ లిప్తలో, పాప రెండు చేతులూ ఎత్తి కీబోర్డు మీద వాద్యకచేరీ చేసింది. తెర నల్లబడింది.

మూత మూశాను, తెరిచాను. నల్లగానే ఉంది. చెవి ఆనించి విన్నాను, లోపల పంకా తిరుగుతోంది. కాలిన వాసన వస్తుందేమోనని ముక్కు ఆనించాను. మనసులో మదర్‌బోర్డు మొదలుకుని తెర దాకా పోయే అవకాశమున్నవాటన్నిటినీ వరసగా చంపేశాను. నా గాభరా చూసి పాప ఏడుపు లంకించుకుంది. పాప ఏడుపు చూసి నేనూ. మామయ్య భోజనానికి వచ్చి, మొదటినుంచీ అంతా చూస్తూ చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఏడవకండి ఇద్దరూ. ఇలాంటి రోజు కోసమేగా ఆ అమ్మాయిని కొన్నాం" అని నంబరు నొక్కి స్పీకరులో పెట్టాడు.

ఆ అమ్మాయే ఎత్తింది. విషయమంతా విని, "ఇది నాకు తెలియదు మేడమ్" అంది. "మీరు లైన్లోనే ఉండండి. మీదిలాంటిదే ఒకటి అలమరలో ఉంది, తెచ్చుకుంటాను. మీరేం చేస్తే నేనూ అదే చేస్తాను."

తెచ్చుకుంది. నేను మూత వేస్తే తనూ వేసింది. నేను తీస్తే తనూ తీసింది. ఎంతసేపు చేసినా నా తెర నల్లగా, ఆమె తెర తెల్లగా.

"పాప ఏయే కీలు నొక్కింది మేడమ్?"

"అన్నీనూ."

"అంటే, ఎలా?"

"రెండు అరచేతులూ చాపి, బలంగా."

"సరే మేడమ్." అవతల నుంచి దబదబమని చప్పుళ్ళు వినపడ్డాయి. ఎదిగిన మనిషి మా పాప నొక్కినట్టు నొక్కడానికి చాలా కష్టపడుతోంది. "ఎడమ వైపు కాస్త ఎక్కువ నొక్కిందా, కుడి వైపా?"

"పైవరసలో ఎక్కువ" అన్నాడు మామయ్య. టైపు మాస్టారు కదా, వేళ్ళు ఎక్కడ పడ్డాయో గమనించకుండా ఉండడు. "వేళ్ళ వాటం బాగానే ఉంది. కూర్చునే తీరే దిద్దాలి."

దబదబ. దబదబ. చప్పుడు ఆగింది.

"మేడమ్" అంది ఆ అమ్మాయి, గొంతు తగ్గించి. "నాదీ నల్లబడింది."

"శుభం" అన్నాడు మామయ్య.

ఆ అమ్మాయి మాత్రం పక్క బల్లవాళ్ళనీ, వెనక గదిలో టెక్నీషియన్నీ పిలిచింది. అందరూ తన బల్ల చుట్టూ మూగిన చప్పుడు. ఏవో రెండు కీలు కలిపి నొక్కితే, బొమ్మ ల్యాప్‌టాప్ తెర మీద కాకుండా బయట తగిలించే రెండో తెర మీదికి వెళ్ళిపోతుందట. రెండో తెర లేదు కాబట్టి బొమ్మ ఎక్కడికో పోయి కూర్చుంది. అవే రెండు కీలు మళ్ళీ నొక్కమన్నారు. నొక్కాను. నా నివేదిక, అందులోని పట్టికలు, గ్రాఫులు, అన్నీ చెక్కుచెదరకుండా వచ్చి నిలబడ్డాయి. అక్కడ ఎవరో చప్పట్లు కొట్టారు. పాప ఏడ్చి ఏడ్చి అలిసి అప్పటికే నా ఒళ్ళో నిద్రలోకి జారింది.

"థాంక్స్ అమ్మా" అన్నాను. ఇంకేమైనా చెప్పేలోపు మామయ్య ఫోన్ అందుకున్నాడు.

"సరే. మీ సూపర్‌వైజర్ని పిలువు."

"సార్" అంది ఆ అమ్మాయి. "ఇవాళ వద్దు సార్. రేపటితో నా ట్రైనింగు అయిపోతుంది."

"అందుకే. పిలువు."

అమ్మ వంటింట్లోకి నడిచింది. కుళాయి తిరిగింది. మా ఆయన సంచి పట్టుకుని గుమ్మం దాటాడు. నేనూ లేవబోయాను. ఒళ్ళో పాప కదిలింది. రోజంతా నిద్రపోని పిల్ల ఇప్పుడే కళ్ళు మూసింది. లేపితే ఇక నా నివేదిక ఇవాళ్టికి లేనట్టే. దాంతో అలాగే కూర్చుండిపోయాను. మామయ్య పైవాళ్ళతో ఏం మాట్లాడతాడో మా కుటుంబంలో ఎవరైనా వినడం అదే మొదటిసారి.

"చెప్పండి సార్" అన్నాడు సూపర్‌వైజరు, నీరసంగా. "మీరేనా."

"నేనే. ఈ అమ్మాయి ఇవాళ ఏం చేసిందో తెలుసా మీకు?" కిటికీ అద్దం అదిరింది. "తన పని మానుకుని, మా మిషనులాంటిదే ఇంకొకటి ముందు పెట్టుకుని, మాతో పాటు దాన్నీ చెడగొట్టుకుని, రెండూ బాగుచేసింది. తెలియనిదాన్ని తెలుసని ఒక్కసారి కూడా అనలేదు. ఇలాంటి మనిషిని పోగొట్టుకున్నారంటే నేను ఊరుకోను. మంచి మనిషి అని రాసిపెట్టండి. నా పేరు కూడా రాయండి."

నేను విన్నది సరిగ్గానే విన్నానా అని ఒకసారి పాప మొహం వంక చూశాను. తర్వాత వంటింటి వైపు తిరిగి, మామయ్య అరుపుకి లేవని పాప నా గొంతుకి లేస్తుందని గొంతు తగ్గించి, "అమ్మా, ఇటు రా, వాడు తిట్టడం లేదే, మెచ్చుకుంటున్నాడు" అన్నాను. మామయ్యని 'వాడు' అన్నానని ఎవరూ గమనించలేదు. కుళాయి ఆగింది. గుమ్మంలో మా ఆయన సంచితో సహా ప్రత్యక్షమయ్యాడు.

"ఒరేయ్, ఎప్పుడూ ఇదేనా నువ్వు వాళ్ళతో చెప్పేది?" అంది అమ్మ.

మామయ్య ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి వింతగా చూశాడు. "మరేం చెప్తాననుకున్నావు అక్కయ్యా? మెకానిక్కు వానలో వచ్చి బాగుచేసి వెళ్తే, వాళ్ళ మేనేజరుకి చెప్పేవాణ్ణి. ఇప్పుడు మనిషి కనపడడు, ఫోన్లోనే చెప్పాలి. ఇన్నేళ్ళూ మీకు తెలుసనుకున్నాను. నేను పిలవమనగానే మీరంతా ఎక్కడికి పోయేవారు?"

ముగ్గురం మూడు గోడల వైపు చూశాం.

"సార్" అన్నాడు సూపర్‌వైజరు ఫోన్లోంచి. "మీకు ఎప్పటినుంచో ఒక మాట చెప్పాలని ఉంది. మీరు చెప్పాల్సింది చెప్పి వెంటనే పెట్టేస్తారు."

"మీ సమయం తినకూడదని."

"ఇవాళ కాస్త తినండి సార్. ఏ కాల్ అయినా నా దాకా వచ్చిందంటే, మా సిస్టం దాన్ని ఆ ఉద్యోగి మీద ఫిర్యాదు కిందే లెక్క వేస్తుంది. మీరు తిట్టారా పొగిడారా దానికి తెలియదు. ట్రైనింగులో ఉన్నవాళ్ళందరిలోకీ ఈ అమ్మాయి మీదే ఎక్కువ ఫిర్యాదులున్నాయి. అన్నీ మీవే. రేపు పంపించేస్తున్నారు."

"ఆ అమ్మాయి నాకు చెప్పలేదే" అన్నాడు మామయ్య. వెనక ఇంటికి కాదు కదా, మాకే సరిగ్గా వినపడలేదు.

"నేనడిగాను సార్. పెద్దాయన అంత సంబరంగా చెప్తుంటే వద్దని ఎలా అంటాం, అంది."

మామయ్య కుర్చీలో కూలబడ్డాడు. "ఎంత పని చేశానే అమ్మడూ. మంచివాళ్ళందరినీ ఏరి ఏరి వాళ్ళ ఉద్యోగాలకి ఎసరు పెట్టానా?"

అప్పుడు లేచింది మా అమ్మ. "ఒరేయ్, చేతులు ముడుచుక్కూర్చుంటావేం? ఈయన పైన ఇంకెవరో ఉండకపోరు కదా. పిలవమను."

"అవును మామయ్యగారూ, పిలిపించండి" అన్నాడు మా ఆయన, సంచి కింద పడేసి. "ఇప్పుడు గానీ ఊరుకున్నారంటే నేనూరుకోను."

మామయ్య మా వంక మార్చి మార్చి చూశాడు. గొంతు తిరిగొచ్చింది. "మీ పైవాళ్ళని పిలవండి."

ఆ పైఆయన లైన్లోకి వస్తూనే, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్నాడు.

"చింతించడం తర్వాత. ముందు వినండి." మామయ్య మొత్తం కథ, తెర నల్లబడటం, ఆ పిల్ల తెర కూడా నల్లబడటం, అన్నీ చెప్పాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ తను ఏమని మెచ్చుకున్నాడో కూడా చెప్పాడు. ఒక్కటీ మర్చిపోలేదు.

ఆయన అంతా విని ఇబ్బందిగా నవ్వాడు. "నాకు అర్థమైంది సార్. కానీ మా దగ్గర ఫిర్యాదు రాయడానికే వీలుంది. తెర సమస్య, బ్యాటరీ సమస్య, ఆలస్యం, దురుసుతనం, ఇలా గడులున్నాయి. మెచ్చుకోవడానికి గడి లేదు. ఎక్కడ రాయమంటారు?"

మామయ్య లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. ఇన్‌స్టిట్యూట్‌లో డిక్టేషన్ చెప్పే రోజుల్లో ఎలా నిలబడేవాడో అలా, వీపు నిటారుగా.

"అయితే ఫిర్యాదే రాసుకోండి. చెప్తున్నాను. ఈ కంపెనీలో మనుషులు మంచివాళ్ళు కామా కంపెనీకి ఆ సంగతి తెలుసుకునే దారి లేదు ఫుల్‌స్టాప్. తిట్టడానికి ఇన్ని గడులుండి కామా మెచ్చుకోవడానికి ఒక్కటీ లేకపోవడం పెద్ద లోపం ఫుల్‌స్టాప్. కొత్త పేరా. ఇంతకుముందు ఈ అమ్మాయి మీద నా పేరున పడినవన్నీ ఫిర్యాదులు కావు కామా అన్నీ తీసెయ్యాలి ఫుల్‌స్టాప్. ఇదొక్కటే నా ఫిర్యాదు కామా ఇది కంపెనీ మీద ఫుల్‌స్టాప్. రాశారా? చదివి వినిపించండి."

ఆయన చదివి వినిపించాడు. మామయ్య రెండు అచ్చుతప్పులు దిద్దించాడు. చెవితో వింటూ అచ్చుతప్పులు ఎలా పట్టాడో మాకు తెలియదు, ఆ పైఆయనకీ తెలియనట్టే ఉంది. పట్టుబడ్డవి మాత్రం నిజమేనని ఒప్పుకున్నాడు.

ఊరంతా కంప్లైంటు మామయ్య అని చెప్పుకునే మనిషి, బతుకులో మొట్టమొదటి ఫిర్యాదు అలా నమోదు చేశాడు.

"సార్" అన్నాడు పైఆయన. "పాత కాల్స్ రికార్డింగులు ఉంటాయి. ఇవాళే వింటాను. మీరు చెప్పిందే నిజమైతే ఆ అమ్మాయి ఎక్కడికీ పోదు. అసలు మీలాంటి కస్టమరుని మాకు తెచ్చిపెట్టిన మనిషిని పంపించేస్తే, పిచ్చివాళ్ళమవుతాం. మీ ఇళ్ళలో మొత్తం ఎన్ని మా మిషన్లున్నాయి?"

"ఇప్పటికి ఒకటి. మిగతా అందరివీ ఎప్పుడు పాడవుతాయా అని చూస్తున్నాం" అన్నాడు మామయ్య. అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. పాప కళ్ళు తెరిచి, అందరూ ఒకే గదిలో ఉండటం చూసి ఆశ్చర్యపోయినట్టు చూసింది.

పైఆయన సెలవు తీసుకున్నాక లైను మళ్ళీ సూపర్‌వైజరు దగ్గరికి వచ్చింది. ఫోన్ పెట్టెయ్యబోతుంటే, అవతల సన్నగా ఒక దగ్గు.

"సార్, ఒక చిన్న మాట."

"చెప్పండి."

"ఏం లేదు సార్. మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ లైన్లోకి వచ్చింది నేనే కదా. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇవాళ భోజనం కూడా చెయ్యలేదు." ఇంకోసారి దగ్గాడు. "ఈ ఉద్యోగంలో నా గురించి ఎవరూ ఎప్పుడూ ఏమీ చెప్పలేదు సార్."

అమ్మ ఒక కుర్చీ లాక్కొచ్చి ఫోన్‌కి దగ్గరగా వేసుకుని కూర్చుంది. మా ఆయన నేల మీద చతికిలబడ్డాడు. మామయ్య గొంతు సవరించుకుని, తన జీవితంలో మొదటిసారి కావాలని మెల్లగా మాట్లాడాడు.

"అయ్యో, ముందే చెప్పరేం బాబూ? వెళ్ళి రెండు ముద్దలు తిని రండి. నేను లైన్లోనే ఉంటాను. తినొచ్చాక మీ పైఆయన్ని మళ్ళీ పిలవండి."